గ్లైకాలిసిస్ చివరి మెట్టు: పైరువేట్ కైనేజ్ మందగిస్తే ఏ కణం ఏమవుతుంది

అందరికీ నమస్కారం. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఒకే ఒక్క ఎంజైమ్ గురించి. పేరు పైరువేట్ కైనేజ్. వాడుకలో పీకే అంటాం, నేనూ అలాగే అంటాను. గ్లూకోజ్‌ను విరిచి శక్తి తీసే గ్లైకాలిసిస్‌కు పది మెట్లుంటే, పదో మెట్టు దీనిది. ఈ హాల్లో విద్యార్థులున్నారు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళున్నారు, వార్డులో రోగుల్ని చూసేవాళ్ళున్నారు. అందుకని కెమిస్ట్రీతో మొదలుపెట్టి, పరీక్ష దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగి, వైద్యం దాకా వెళ్దాం.

దారి పొడుగునా ఒక ప్రశ్న మాత్రం చేతిలో పట్టుకుని ఉండండి. ఈ ఎంజైమ్ మందగిస్తే, ఆ కణానికి ఏటీపీ, అంటే కణం పనులకు ఖర్చుపెట్టే శక్తి అణువు, సంపాదించుకునే ఇంకో దారి ఉందా? కాలేయ కణానికి ఉంది. క్యాన్సర్ కణానికీ ఉంది. ఎర్ర రక్త కణానికి లేదు. ఒకే ఎంజైమ్ లోపం ఒకచోట జబ్బుగా, ఇంకోచోట సదుపాయంగా కనిపించడానికి కారణం అదే.

ముందు చర్య చూద్దాం. ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ అని ఒక పదార్థం ఉంది, పీఈపీ అందాం. దాని మీదున్న ఫాస్ఫేట్‌ను తీసి ఏడీపీకి తగిలిస్తే ఏటీపీ వస్తుంది, పైరువేట్ మిగులుతుంది. ఇంతే పీకే చేసే పని. పీఈపీలోని ఫాస్ఫేట్‌ను నీటితో విడగొడితే మోల్‌కు సుమారు 62 కిలోజౌళ్ళ శక్తి బయటపడుతుంది. ఏటీపీ కట్టడానికి అందులో సగమే, 30.5 కిలోజౌళ్ళే కావాలి. అంత శక్తి ఎక్కడిది? ఫాస్ఫేట్ ఉన్నంతసేపూ ఆ అణువు ఈనాల్ రూపంలో కదలకుండా ఇరుక్కుని ఉంటుంది. ఫాస్ఫేట్ పోగానే కీటో రూపంలోకి మారి స్థిరపడుతుంది. శక్తిలో పెద్ద వాటా ఆ మార్పుదే. మిగిలిన 31 కిలోజౌళ్ళు వేడిగా పోతాయి కాబట్టి కణంలో ఈ చర్య వెనక్కి తిరగదు. కాలేయం పైరువేట్ నుంచి మళ్ళీ గ్లూకోజ్ తయారు చేయాలంటే ఈ మెట్టు మీదుగా వెనక్కి రాలేదు. పైరువేట్ కార్బాక్సిలేజ్, పెప్‌సీకే అనే రెండు వేరే ఎంజైముల మీదుగా చుట్టు తిరిగి రావాలి.

ఈ ఎంజైమ్‌కు రెండు లోహాలు కావాలి, మెగ్నీషియం, పొటాషియం. పొటాషియం అవసరాన్ని 1942లో పాల్ బోయర్, హెన్రీ లార్డీ, ఫిలిప్స్ కండర కణజాలంలో చూపించారు. ఏటీపీ సింథేజ్ మీద పనికి 1997లో నోబెల్ అందుకున్న బోయరే ఆయన. ఈ పొటాషియం సంగతి గుర్తుంచుకోండి. పరీక్ష చేసేటప్పుడు దీని అవసరం వస్తుంది.

ఏటీపీ జమాఖర్చు ఒకసారి చూద్దాం. ఒక గ్లూకోజ్‌కు ముందు రెండు ఏటీపీలు ఖర్చు. తర్వాత ఫాస్ఫోగ్లిసరేట్ కైనేజ్ దగ్గర రెండు, పీకే దగ్గర రెండు వస్తాయి. ఖర్చు పోగా మిగిలేది రెండు. అంటే మొదట పెట్టిన పెట్టుబడి ఏడో మెట్టుతో తిరిగొస్తుంది, కణానికి దక్కే నికర లాభం పీకే దగ్గరే. ఎర్ర కణంలో ఇంకో సంగతి ఉంది. అక్కడ కొంత పదార్థం ఏడో మెట్టును తప్పించుకుని 2,3-బీపీజీ అనే పక్కదారిలో పోతుంది. అలా పోయినంత మేరా ఏడో మెట్టు ఏటీపీ రాదు. ఆ కణం పీకే మీద ఇంకా ఎక్కువగా ఆధారపడుతుంది.

పీకే నాలుగు రూపాల్లో ఉంటుంది, వాటికి జన్యువులు రెండు. ఒకటో క్రోమోజోమ్ మీదున్న పీకేఎల్‌ఆర్ జన్యువు నుంచి కాలేయంలో ఎల్ రూపం, ఎర్ర కణంలో ఆర్ రూపం వస్తాయి. జన్యువు ఒకటే, మొదలయ్యే చోటు వేరు. పదిహేనో క్రోమోజోమ్ మీదున్న పీకేఎం జన్యువు నుంచి ఎం1, ఎం2 వస్తాయి. కండరం, గుండె, మెదడుల్లో ముఖ్యంగా ఎం1. పిండ దశలో, వేగంగా విభజన చెందే కణాల్లో, ఇంకా ఊపిరితిత్తులు, కిడ్నీ, తెల్ల కణాల వంటి చాలా మామూలు కణజాలాల్లో ఎం2. ఈ రెండింటికీ తేడా అంతా ఒక ఎక్సాన్‌ది, అంటే ప్రోటీన్‌కు రాత ఇచ్చే జన్యువు ముక్కది. తొమ్మిదో ఎక్సాన్ చేరితే ఎం1, పదోది చేరితే ఎం2. 531 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌లో 56 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి మారుతుంది. ఆ ముక్కలోనూ ఇరవై పైచిలుకు చోట్లే తేడా.

ఆ కొద్ది తేడాతోనే ఎంజైమ్ నడత మారిపోతుంది. పీకే నాలుగు ముక్కలు కలిసిన టెట్రామర్‌గా బాగా పనిచేస్తుంది. ఎం1 ఎప్పుడూ టెట్రామర్‌గానే ఉండి, ఎవరూ తట్టకపోయినా పనిచేస్తూ పోతుంది. ఎం2, ఎల్, ఆర్ అలా కాదు. వాటిని ఫ్రక్టోజ్-1,6-బిస్‌ఫాస్ఫేట్ వచ్చి లేపాలి. ఇది గ్లైకాలిసిస్ మూడో మెట్టులో పుట్టే పదార్థం. పైన సరుకు ఎక్కువై ఇది పోగయితే, కిందున్న పీకేకి అతుక్కుని పని పెంచమంటుంది. పైమెట్టు నుంచి కిందిమెట్టుకు కబురు ముందే అందుతుంది, మధ్యలో సరుకు గుట్ట పడదు. ఏటీపీ, అలనిన్ ఎక్కువైతే పీకే నెమ్మదిస్తుంది.

కాలేయం సంగతి త్వరగా చెప్పేస్తాను. పస్తున్నప్పుడు గ్లూకగాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది ప్రోటీన్ కైనేజ్-ఏ ద్వారా ఎల్ రూపానికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో పీఈపీని పట్టుకునే శక్తి తగ్గుతుంది. పీఈపీ పైరువేట్‌గా కిందికి జారిపోకుండా గ్లూకోజ్ తయారీకి మళ్ళుతుంది. భోజనం చేశాక ఇన్సులిన్ ఆ ఫాస్ఫేట్‌ను తీయిస్తుంది, ఎంజైమ్ మళ్ళీ లేస్తుంది. ఇక్కడ ఒకటి గమనించండి. పీకేఎల్‌ఆర్ జన్యువులో లోపం ఉన్నవాళ్ళకు కాలేయంలోనూ ఎల్ రూపం లోపభూయిష్ఠమే. అయినా కాలేయ కణం దానివల్ల దెబ్బతినదు. దానికి న్యూక్లియస్ ఉంది, కొత్త ఎంజైమ్ ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. మైటోకాండ్రియా ఉంది, కొవ్వు ఆమ్లాలనుంచి ఏటీపీ వస్తుంది. ఆ రోగులకు కాలేయంలో వచ్చే చిక్కు ఐరన్ వల్ల, దాని గురించి తర్వాత.

ఇప్పుడు క్యాన్సర్. దీని గురించి చాలా రాశారు, అందులో కొంత తొందరపడి రాసింది కూడా. ఆక్సిజన్ ఉన్నా కణితి కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్టేట్ చేస్తాయని ఓటో వార్బర్గ్ 1920లలో గమనించాడు. క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా కనిపించే పీకే ఎం2. 2008లో క్రిస్టాఫ్క్, వాండర్ హైడెన్, కాంట్లీ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లో ఎం2ను తీసి ఎం1 పెడితే ఎలుకల్లో కణితులు పెరిగే శక్తి తగ్గిందని చూపించింది. చురుగ్గా పనిచేసే ఎంజైమ్ పెడితే కణితి పెరుగుదల తగ్గడం మొదట వింతగా అనిపిస్తుంది. కారణం ఇది. విభజన చెందే కణానికి ఏటీపీ ఒక్కటే చాలదు. కొత్త డీఎన్‌ఏకి న్యూక్లియోటైడ్లు కావాలి, పొరలకు కొవ్వులు కావాలి, ప్రోటీన్లకు సెరిన్, గ్లైసిన్ కావాలి. వీటికి ముడిసరుకు గ్లైకాలిసిస్ మధ్య మెట్ల నుంచే వెళ్తుంది. చివరి మెట్టు మందంగా ఉంటే పై మెట్లలో సరుకు నిలుస్తుంది, పక్కదారులకు అందుతుంది. ఎం2ను కావాల్సినప్పుడు మందగింపజేయవచ్చు. టైరోసిన్ ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్లు తగిలితే దాన్నుంచి ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫేట్ ఊడిపోతుంది. ఆక్సీకరణ ఒత్తిడి పెరిగితే 358వ స్థానంలోని సిస్టీన్ ఆక్సీకరణ చెంది ఎంజైమ్ తగ్గుతుంది, గ్లూకోజ్ పెంటోజ్ అనే పక్కదారికి మళ్ళి, ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి పనికొచ్చే ఎన్‌ఏడీపీహెచ్ వస్తుంది. సెరిన్ పుష్కలంగా ఉంటే అదే వచ్చి ఎం2కి అతుక్కుని పని పెంచుతుంది.

ఇంతవరకూ గట్టి ఆధారాలున్నాయి. కాని దీన్నుంచి, మామూలు కణం ఎం1 నుంచి ఎం2కి మారడమే క్యాన్సర్‌కు మూలం అన్న మాట పాకింది. అది నిలబడలేదు. మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచి చూస్తే, చాలా కణితులు పుట్టిన మామూలు కణజాలంలోనే ముందునుంచీ ఎం2 ఉంది. 2013లో ఎలుకల రొమ్ము క్యాన్సర్ నమూనాలో ఎం2ను పూర్తిగా తీసేసినా కణితులు వచ్చాయి. ఎం2 అసలు లేని ఎలుకలకు వయసు పైబడ్డాక కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఎం2 న్యూక్లియస్‌లోకి వెళ్ళి ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్లు తగిలిస్తుందన్న వాదన మీదా గట్టి అభ్యంతరాలున్నాయి. కాబట్టి విద్యార్థులకు నా మాట ఇది. ఎం2 కణితికి ఇచ్చేది వెసులుబాటు. అది ఉన్నంత మాత్రాన క్యాన్సర్ రాదు, తీసేసినంత మాత్రాన పోదు. ఏ వ్యాసమైనా ఎం2ను క్యాన్సర్ స్విచ్ అంటే, ఏ కణజాలంలో, ఏ పద్ధతిలో కొలిచారో చూసి నమ్మండి.

ఇక అసలు చోటికి వద్దాం, ఎర్ర రక్త కణం దగ్గరికి.

పండిన ఎర్ర కణంలో న్యూక్లియస్ లేదు, మైటోకాండ్రియా లేదు, రైబోజోములు లేవు. మజ్జలో ఉన్నప్పుడు తయారు చేసుకున్న ఎంజైములే దాని ఆస్తి. వాటితోనే సుమారు 120 రోజులు బతకాలి. ఏటీపీ కావాలంటే గ్లైకాలిసిస్ తప్ప మరో దారి లేదు. ఆ ఏటీపీ దేనికి? పొరలోని పంపు ఒక ఏటీపీ ఖర్చు పెట్టి మూడు సోడియంలను బయటికి, రెండు పొటాషియంలను లోపలికి తోస్తుంది. కాల్షియంను బయటికి నెట్టే పంపు ఉంది. పొర ఆకారం నిలవడానికీ ఏటీపీ కావాలి. పీకే సరిగ్గా లేకపోతే ఏటీపీ పడిపోతుంది, పొటాషియం, నీరు బయటికి కారిపోతాయి, కణం ముడుచుకుని గట్టిపడుతుంది. సన్నని సందుల్లోంచి దూరలేని కణాన్ని ప్లీహం, కాలేయం పట్టి కూలుస్తాయి. ఇదే పీకే లోపం వల్ల వచ్చే రక్తహీనత. 1961లో వాలెంటైన్, తనాకా, మివా దీన్ని మొదట వర్ణించారు. గ్లైకాలిసిస్ ఎంజైముల లోపాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు కాపీలూ లోపంతో వస్తేనే జబ్బు. ఒక కాపీ మాత్రమే లోపంతో ఉన్నవాళ్ళలో ఎంజైమ్ దాదాపు సగం ఉంటుంది, వాళ్ళకు రక్తహీనత సాధారణంగా రాదు.

వైద్యులు గుర్తుంచుకోవాల్సిన రెండు వింతలున్నాయి. మొదటిది 2,3-బీపీజీ. చివరి మెట్టు మూసుకుపోతే పై మెట్లలో సరుకు పోగవుతుంది, 2,3-బీపీజీ రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అది హిమోగ్లోబిన్ పట్టును సడలించి ఆక్సిజన్‌ను కణజాలాలకు తేలిగ్గా వదిలేలా చేస్తుంది. అందుకే అంతే హిమోగ్లోబిన్ ఉన్న వేరే రోగి కంటే పీకే లోపం ఉన్న రోగి ఒక్కోసారి బాగా తట్టుకుంటాడు. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది అంకె ఒక్కదాన్నే చూసి తేల్చకూడదు. పిల్ల ఎదుగుతోందా, బడికి వెళ్ళి ఆడుకోగలుగుతోందా, గుండె మీద భారం పడుతోందా అన్నవి చూడాలి. అలాగని బాగా తట్టుకుంటున్నాడని వదిలేయడమూ తప్పే. చాలామంది రోగులు అలసటకు అలవాటుపడి అదే మామూలు అనుకుంటారు, అడిగితే తప్ప చెప్పరు.

రెండో వింత రెటిక్యులోసైట్లది. ఇవి మజ్జ నుంచి కొత్తగా వచ్చిన పసి ఎర్ర కణాలు. వీటిలో ఇంకా కొంత మైటోకాండ్రియా మిగిలి ఉంటుంది. పీకే లేకపోయినా ఆక్సిజన్ వాడుకుని ఏటీపీ చేసుకోగలవు. కాని ప్లీహంలో ఆక్సిజన్, గ్లూకోజ్ రెండూ తక్కువ. అక్కడ ఇరుక్కున్న రెటిక్యులోసైట్లకు ఆ రెండో దారి కూడా మూసుకుపోతుంది, ముందుగా కూలేవి అవే. అందుకే ప్లీహం తీసేశాక హిమోగ్లోబిన్ కొంత పెరుగుతూనే, రెటిక్యులోసైట్ల శాతం కూడా పైకి ఎగబాకుతుంది. 40 శాతం దాటడమూ ఉంది. ఆపరేషన్ తర్వాత ఆ అంకె చూసి రక్తం మరింత విరిగిపోతోందని బెంబేలు పడకండి. ఇంతకుముందు చచ్చిపోతున్న పసికణాలు ఇప్పుడు బతుకుతున్నాయి.

పుట్టిన తొలిరోజుల్లోనే చాలామందికి కామెర్లు తీవ్రంగా వస్తాయి. లైటు చికిత్స చాలక రక్తమార్పిడి దాకా పోవచ్చు. తర్వాత జీవితమంతా రక్తహీనత, కామెర్లు, పిత్తాశయంలో రాళ్ళు. రక్తపు స్మియర్‌లో దీన్ని పట్టించే ప్రత్యేక గుర్తు ఏదీ ఉండదు. ఎర్ర కణాల మీద యాంటీబాడీలను పట్టే కూంబ్స్ పరీక్ష నెగెటివ్, గుండ్రటి కణాలు లేవు, హిమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫోరెసిస్ మామూలుగా ఉంది, జీ6పీడీ అనే మరో ఎర్ర కణ ఎంజైమ్ సరిగానే ఉంది, అయినా ఏళ్ళ తరబడి రక్తం విరుగుతోంది అంటే పీకే పరీక్ష పంపించాలి.

ఆ పరీక్ష దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ల్యాబ్ మిత్రులు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి.

పీకే పుట్టించే పైరువేట్‌ను నేరుగా కొలవం. పక్కనే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్, దానికి కావాల్సిన ఎన్‌ఏడీహెచ్ పెడతాం. పైరువేట్ పుట్టగానే అది లాక్టేట్‌గా మారుతుంది, ఆ క్రమంలో ఒక ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతుంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, ఎన్‌ఏడీ పీల్చుకోదు. రీడింగ్ తగ్గే వేగమే పీకే వేగం. ఒక మిల్లీలీటర్ క్యువెట్‌లో, అంటే రీడింగ్ తీసే చిన్న పారదర్శక పాత్రలో, చివరి మోతాదులు ఇలా ఉంటాయి: పీహెచ్ 8 ట్రిస్ బఫర్, పొటాషియం క్లోరైడ్ 100 మిల్లీమోలార్, మెగ్నీషియం క్లోరైడ్ 10, ఎన్‌ఏడీహెచ్ 0.2, ఏడీపీ 1.5, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ 6 యూనిట్లు. హీమోలైజేట్, అంటే నీటితో ఇరవయ్యో వంతుకు పలచన చేసి పగలగొట్టిన ఎర్ర కణాలు, 20 మైక్రోలీటర్లు. వీటిని 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచాలి. హీమోలైజేట్‌లో ముందే ఉన్న పైరువేట్ ఆ పది నిమిషాల్లో ఖర్చయిపోతుంది. ఆ తర్వాతే పీఈపీ 5 మిల్లీమోలార్ అయ్యేలా వేసి రీడింగ్ మొదలుపెట్టాలి. ఆ పది నిమిషాలు ఆగకపోతే పాత పైరువేట్‌ను కూడా పీకే లెక్కలో వేసేస్తాం.

లెక్క ఒకటి చేసి చూపిస్తాను. హీమోలైజేట్‌లో మిల్లీలీటర్‌కు 7 మిల్లీగ్రాముల హిమోగ్లోబిన్ ఉందనుకుందాం. 20 మైక్రోలీటర్లలో 0.14 మిల్లీగ్రాములు. నిమిషానికి రీడింగ్ 0.013 తగ్గింది. ఎన్‌ఏడీహెచ్ గుణకం 6.22తో భాగిస్తే మిల్లీలీటర్‌లో నిమిషానికి 0.0021 మైక్రోమోళ్ళు, అంటే 0.0021 యూనిట్లు. దాన్ని 0.00014 గ్రాములతో భాగిస్తే గ్రాము హిమోగ్లోబిన్‌కు 15 యూనిట్లు. 37 డిగ్రీల దగ్గర, ఈ పద్ధతిలో, ఆరోగ్యవంతుల్లో వచ్చే అంకె ఆ చుట్టుపక్కలే. ఎంత చిన్న మార్పును చదువుతున్నామో చూడండి. నిమిషానికి 0.013 అంటే ఉష్ణోగ్రత కాస్త అటూ ఇటూ అయినా, క్యువెట్ మసకగా ఉన్నా ఫలితం తారుమారవుతుంది. హీమోలైజేట్ వేయని బ్లాంక్ తప్పనిసరి. కొన్న లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌లోనే కొద్దిగా పీకే కలిసి ఉండొచ్చు, బ్లాంక్ లేకపోతే అది రోగి ఖాతాలో పడుతుంది. పొటాషియం క్లోరైడ్ బదులు సోడియం లవణం పొరపాటున పడితే ఎంజైమ్ సరిగా పనిచేయదు, లోపం లేని మనిషికి లోపం ఉందని రిపోర్టు వెళ్తుంది.

ఇక నమూనా సంగతి. తెల్ల కణాల్లో ఎం2 దండిగా ఉంటుంది. కణానికి కణం పోలిస్తే తెల్ల కణంలో పీకే ఎర్ర కణం కంటే సుమారు 300 రెట్లు ఎక్కువ. వాటిని తీయకుండా పరీక్ష చేస్తే రోగి ఎర్ర కణాల్లో పీకే ఏమీ లేకపోయినా అంకె మామూలుగా వచ్చేస్తుంది. పైన తేలే తెల్లటి పొరను పిపెట్‌తో తీసేస్తే చాలదు. సెల్యులోజ్ కాలమ్ గుండా రక్తాన్ని పంపాలి, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుంటాయి. రక్తం ఈడీటీఏ ట్యూబులో, 4 డిగ్రీల దగ్గర రావాలి. ఫ్రీజర్‌లో పెట్టిన రక్తం పనికిరాదు. గడ్డకట్టి కరిగితే తెల్ల కణాలు కూడా పగిలి వాటి ఎం2 అంతా కలిసిపోతుంది, తర్వాత ఏ కాలమ్ దాన్ని విడదీయలేదు.

రెటిక్యులోసైట్లు ఇంకో చిక్కు తెస్తాయి. పసికణాల్లో ఎంజైములన్నీ ఎక్కువే, వయసుతో తగ్గుతాయి. రోగి రక్తంలో 20 శాతం రెటిక్యులోసైట్లు ఉంటే పీకే మామూలు అంకెలోనే కనిపించవచ్చు. నిజానికి అంత పసి రక్తంలో పీకే మామూలు కంటే చాలా పైన ఉండాలి. అందుకే అదే నమూనాలో గ్లైకాలిసిస్ మొదటి మెట్టు ఎంజైమైన హెక్సోకైనేజ్, జీ6పీడీ కూడా కొలవండి. అవి రెండు మూడు రెట్లు పెరిగి, పీకే ఒక్కటే మామూలు దగ్గర ఆగిందంటే అది లోపమే. నా దృష్టిలో, హెక్సోకైనేజ్ పక్కన లేని పీకే రిపోర్టు సగం రిపోర్టే.

మరో రకం మ్యుటేషన్లు ఉన్నాయి. వాటిలో ఎంజైమ్ గరిష్ఠ వేగం బాగానే ఉంటుంది, పీఈపీని పట్టుకునే శక్తి తక్కువ. మనం క్యువెట్‌లో పోసేది 5 మిల్లీమోలార్. ఎర్ర కణంలో పీఈపీ అందులో వందో వంతు కూడా ఉండదు, మైక్రోమోలార్లలో ఉంటుంది. ఉదారంగా పోసినప్పుడు పనిచేసే ఎంజైమ్ కణంలో ఉన్న కొద్దిపాటికి పనిచేయకపోవచ్చు. అనుమానం బలంగా ఉండి అంకె మామూలుగా వస్తే, పీఈపీని ఇరవయ్యో వంతుకు తగ్గించి మళ్ళీ కొలవాలి. ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫేట్ వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి చూస్తే ఎంజైమ్ దానికి లేస్తోందో లేదో తెలుస్తుంది.

జన్యు పరీక్ష చేతికి రావడంతో చాలా గొడవ తీరింది, అంతా తీరలేదు. పీకేఎల్‌ఆర్‌లో 300కు పైగా మ్యుటేషన్లు తెలుసు. 510వ స్థానంలో ఆర్జినిన్ బదులు గ్లుటమిన్ వచ్చేది ఉత్తర యూరప్ మూలాల వారిలో ఎక్కువ. 486వ స్థానంలో ఆర్జినిన్ బదులు ట్రిప్టోఫాన్ వచ్చేది దక్షిణ యూరప్‌లో ఎక్కువ. రోమా జనంలో పదకొండో ఎక్సాన్ మొత్తం ఎగిరిపోయిన తొలగింపు ఉంది. ఇలాంటి పెద్ద తొలగింపుల్ని మామూలు సీక్వెన్సింగ్ తప్పిపోవచ్చు. ఒక మ్యుటేషనే దొరికి, జబ్బు మాత్రం స్పష్టంగా ఉంటే, కాపీల సంఖ్య తేల్చే పరీక్ష అడగాలి. కేఎల్‌ఎఫ్1 అనే వేరే జన్యువులో లోపం ఉన్నా పీకే పడిపోవచ్చు, అదీ మనసులో ఉంచుకోండి. కొత్త మ్యుటేషన్ దొరికినప్పుడు అది నిజంగా హాని చేసేదేనా అని తేల్చాల్సింది మళ్ళీ ఎంజైమ్ పరీక్షే. రెండూ ఒకదానికొకటి సాక్ష్యం.

ఇక్కడ ఒక చీటీ వచ్చింది: “రక్తం ఎక్కించుకుంటున్న పిల్లకు ఎంజైమ్ పరీక్ష ఎప్పుడు చేయాలి?” మంచి ప్రశ్న. ఎక్కించిన కణాలు దాతవి, వాటిలో పీకే మామూలుగానే ఉంటుంది. అవి పూర్తిగా పోవడానికి మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. అన్నాళ్ళు రక్తం ఆపడం చాలామంది పిల్లల విషయంలో కుదరదు, పరీక్ష కోసం ఆపడం సరి కాదు కూడా. తర్వాతి ఎక్కింపుకు సరిగ్గా ముందు నమూనా తీస్తే దాత కణాలు కాస్త తక్కువగా ఉంటాయి, అయినా మామూలు అంకె వస్తే దాన్ని నమ్మకండి. అలాంటప్పుడు నేరుగా జన్యు పరీక్షకు వెళ్ళాలి. దాంతోపాటు తల్లిదండ్రుల ఎంజైమ్ కొలవండి. ఇద్దరిలోనూ సగం దగ్గర ఉంటే పిల్ల సంగతి దాదాపు తేలినట్టే.

వైద్యం గురించి. ఫోలిక్ ఆమ్లం ఇస్తాం, మజ్జ నిరంతరం పనిచేస్తోంది కాబట్టి. పార్వోవైరస్ బీ19 సోకితే మజ్జ కొన్నాళ్ళు ఆగిపోతుంది. అప్పుడు హిమోగ్లోబిన్ వేగంగా పడుతుంది, రెటిక్యులోసైట్లు సున్నాకు దగ్గరవుతాయి. జ్వరంతో పాటు ఒక్కసారిగా పాలిపోతే ఆగకుండా ఆస్పత్రికి తీసుకురమ్మని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. ప్లీహం తీసేస్తే హిమోగ్లోబిన్ సగటున డెసీలీటర్‌కు ఒకటిన్నర గ్రాముల దాకా పెరుగుతుంది, చాలామందికి రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది. కొందరికి ఏమీ తేడా రాదు. తీసేస్తే ఇన్‌ఫెక్షన్లు, రక్తనాళాల్లో గడ్డలు ఏర్పడే ముప్పు జీవితమంతా ఉంటుంది. కాబట్టి వీలైనంతవరకూ ఐదేళ్ళ వయసు దాటేదాకా ఆగుతారు. న్యూమోకోకస్, మెనింగోకోకస్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కు ముందే పూర్తి కావాలి. అదే ఆపరేషన్‌లో పిత్తాశయం సంగతీ చూడాలి.

ఐరన్ విషయం ఎక్కువగా మరుగున పడుతోంది. రక్తం ఒక్కసారి కూడా ఎక్కించుకోని రోగిలోనూ ఐరన్ పేరుకుంటుంది. మజ్జ అదేపనిగా పనిచేస్తుంటే శరీరం ఐరన్ పీల్పును అదుపు చేసే హెప్సిడిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది, హెప్సిడిన్ తగ్గితే పేగు అవసరానికి మించి ఐరన్ పీలుస్తుంది. కాలేయంలో, గుండెలో అది చేరుతుంది. రక్తపరీక్షలో ఐరన్ నిల్వను సూచించే ఫెర్రిటిన్ ఒక మోస్తరుగా ఉంటే సరిపోయిందనుకోవద్దు, ఆ అంకె కాలేయంలోని ఐరన్‌ను తక్కువ చేసి చూపించగలదు. ఎమ్మారైతో కాలేయంలో ఐరన్ కొలిపించాలి. రక్తహీనత కదా అని ఈ రోగులకు ఐరన్ మాత్రలు రాసే అలవాటు వెంటనే మానాలి. నిజంగా ఐరన్ లోపం ఉందని రుజువైతే తప్ప అవి హానే చేస్తాయి.

2022 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ మిటాపివాట్ అనే మాత్రను పెద్దవాళ్ళలో పీకే లోపానికి అనుమతించింది. ఎంజైమ్‌ను నేరుగా తట్టి లేపే మందు ఈ జబ్బుకు అదే మొదటిది. ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫేట్ అతికే చోటు కాకుండా వేరే చోట టెట్రామర్‌కు అతుక్కుని, దాన్ని విడిపోకుండా బిగించి, పని పెంచుతుంది. రోజుకు రెండుసార్లు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు వారాలకోసారి చూసుకుంటూ 20, తర్వాత 50 దాకా పెంచుతారు. క్రమం తప్పకుండా రక్తం ఎక్కించుకోని 80 మంది మీద జరిగిన పరీక్షలో, మందు తీసుకున్నవాళ్ళలో 40 శాతానికి హిమోగ్లోబిన్ కనీసం 1.5 గ్రాములు పెరిగి నిలిచింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో ఒక్కరికీ కాలేదు. 24 వారాలైనా ఏ మేలూ కనబడకపోతే ఆపేయాలి. ఆపేటప్పుడు మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. మాత్రలు అయిపోయాయని ఒక్కసారిగా మానేస్తే రక్తం హఠాత్తుగా విరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ మాట రోగికి మందు రాసిన రోజే, ఇంట్లో ఇంకొకరి సమక్షంలో చెప్పాలి.

మిగతావాళ్ళకు ఎందుకు పనిచేయలేదు? ఇక్కడ జన్యు రిపోర్టు మళ్ళీ అవసరమవుతుంది. మిస్‌సెన్స్ మ్యుటేషన్ అంటే ఒక అమైనో ఆమ్లం మారిన ప్రోటీన్, అది వంకరగా ఉన్నా ఉంటుంది. మందుకు పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. రెండు కాపీల్లోనూ ప్రోటీన్ తయారీనే ఆగిపోయే రకం మ్యుటేషన్లుంటే లేపడానికి ఎంజైమే లేదు. అలాంటివాళ్ళకు ఈ మాత్ర నుంచి మేలు ఆశించలేం. కనీసం ఒక మిస్‌సెన్స్ ఉందో లేదో చూసుకోకుండా మందు మొదలుపెడితే రోగికి ఆరు నెలల ఆశ, ఖర్చు వృథా అవుతాయి. ప్రోటీన్ అసలు లేనివాళ్ళకు ప్రస్తుతం మిగిలేవి రక్తం ఎక్కించడం, ఐరన్ తీసే మందులు, కొద్దిమందిలో మజ్జ మార్పిడి. రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, లెంటీవైరస్ ద్వారా వాటిలో సరైన పీకేఎల్‌ఆర్ జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించే జన్యు చికిత్స మానవుల్లో తొలి దశ పరీక్షలకు చేరింది. అందులో పెట్టే జన్యువు ఎర్ర కణాల వంశంలో, సరైన మోతాదులో పలకాలి.